పాత లారీకి పాత చట్రమే యుంచవలెనా?

రెండేండ్ల క్రిందట వేసవిలో మా వలయమునందలి యొక సహకార సంఘమువారు తమ సర్వసభ్య సమావేశమునకు మమ్ములను పిలిచిరి. పచ్చిరొట్ట యెరువులను గూర్చి నాలుగు మాటలు చెప్పుట మా పని. జీలుగు, జనుము, పిల్లిపెసర, ఈ మూటి సంగతియు పావుగంటలో ముగిసినది. ఆ తరువాత రెండు గంటలకు పైగా జరిగిన చర్చ యంతయు గోదాము వెనుక వేపచెట్టు క్రింద పడియున్న పాత లారీని గూర్చియే. దానిని మరల నిలబెట్టవలెనని అందఱకును కోరిక యున్నది. ఎట్లు నిలబెట్టవలెననుటలోనే తగవు. తుదకు సభ్యులు మావైపు తిరిగి, "అయ్యా, తమరు ఇనుప పనిముట్ల సంగతి యెఱిగినవారు. పాత చట్రమే యుంచవలెనా, మార్చవలెనా, తమరే చెప్పుడు" అనిరి. మేము అప్పటికప్పుడు జవాబు చెప్పలేదు. చెప్పకపోవుటకు ఒక కారణమున్నది. దానిని ముందు వ్రాయుదుము.

ఇట్టి పాత లారీలును, పాత ట్రాక్టర్లును ఇతర సంఘముల ఆవరణములలో కూడ నున్నవి. వానిని గూర్చి మాకు ప్రశ్నలు వచ్చుచున్నవి. కావున ఆ యొక్క లారీ విషయమున జరిగినదంతయు ఈ పత్రిక ద్వారా తెలియజేయుచున్నాము.

ఆ లారీని సంఘము 1966లో కొన్నది. ముక్కు ముందునకు పొడుచుకొని వచ్చిన టాటా మెర్సిడిస్ బెంజ్ లారీ యది. టాటా ఇంజనీరింగు అండ్ లోకోమోటివ్ కంపెనీవారు 1954లో జర్మనీ దేశపు డైమ్లర్ బెంజ్ కంపెనీతో ఒడంబడిక చేసికొని, జంషెడ్‌పూరులో లారీలు తయారుచేయ మొదలిడిరి. ఆ యొడంబడిక 1969లో ముగిసినది. అంతవఱకు వచ్చిన లారీల ముందరి జాలిమీద మూడు కొనల నక్షత్రముండెడిది. అటుపిమ్మట దాని చోట టాటావారి 'టి' గుర్తు వచ్చినది. మన లారీ నక్షత్రపు కాలమునాటిది. నేటి యువకులు దానిని చూచి నవ్వవచ్చును గాని, ఒంటెద్దు బండి మీద వడ్లు మిల్లునకు తోలిన కాలమున ఒకేసారి పదులకొలది బస్తాలు మోసికొనిపోవు బండి ఊరికి వచ్చుట పెద్ద సంగతి.

దానిని కొనుటకు సభ్యులు విడిగా వాటా సొమ్ము చెల్లించిరి. సమావేశమున ఒక పెద్దమ్మగారు లేచి, "మా అత్తగారి మురుగులు తాకట్టు పెట్టి కట్టిన డబ్బు అందులో నున్నది. ఆ మురుగులు మరల విడిపించలేదు. కాబట్టి ఆ బండిలో ఒక్క మేకు కూడ మార్చుటకు వీలులేదు" అని చెప్పినది. ఆమె మాటలకు ఎవరును నవ్వలేదు.

ఇంకొక ప్రక్క యువకులు కూర్చుండిరి. వారిలో ఒకడు, కూరగాయలు పండించువాడు, మంచి మాటకారి, ఇట్లనెను: "మేము ప్రతి వారమును బాడుగ వ్యానునకు పోయు సొమ్ము చూచిన గుండె చెఱువగును. లారీ నిలబెట్టినచో పని చేయునట్లు నిలబెట్టవలెను. ముక్కును, డ్రైవరు గదిని పాతవే యుంచుదము. క్రింద చట్రము మాత్రము ఈమధ్యకాలపు లారీది తెచ్చి వేయుదము. పైకి తాత, లోపల మనుమడు." ఈ మాటకు చప్పట్లు మ్రోగినవి. కార్యదర్శిగారు మాత్రము, "తూకమునకు అమ్మివేసినచో గోదాము పైకప్పునకు రేకులు వచ్చును" అని మెల్లగా ననిరి. ఆయన మాటకు చప్పట్లు లేవు గాని, లెక్క ప్రకారము అది తప్పుమాట గాదని మేము ఒప్పుకొనక తప్పదు.

ఇక మేము జవాబు చెప్పకపోవుటకు కారణము. 2009లో మేము వేఱొక చోట పని చేయుచుండగా, ఒక రైతు తన ట్రాక్టరు ట్రక్కు చట్రమున బీట కనిపించినదని మా సలహా యడిగెను. మేము పైపైన చూచి, బీట మీద మందపు పలక యొకటి పెట్టి చుట్టును వెల్డింగు చేయించుమని చెప్పితిమి. ఆయన అట్లే చేయించెను. చూచుటకు చాల గట్టిగా కనబడినది. ఆ సంవత్సరమే కోతల కాలమున, వడ్ల బస్తాలతో కాలువ గట్టు ఎక్కుచుండగా, పలక ముగిసినచోట, సరిగా వెల్డింగు అంచు వెంబడి, చట్రము తెగినది. బస్తాలమీద కూర్చున్న కూలి క్రిందపడి కాలు విఱిగినది. ఆ మనుష్యుడు నేటికిని కొంచెము కుంటుచునే నడచును. తప్పు వెల్డింగు చేసినవానిది గాదు. సలహా మాది. నాటినుండి ఇనుమును విప్పి, శుభ్రము చేసి, కొలిచి చూడక ఏ చట్రమును గూర్చియు మాట చెప్పము.

ఆ పలక పెట్టినచోటనే ఎందుకు తెగినది? ఈ సంగతి తెలిసినగాని తక్కినది తెలియదు. కావున కొంచెము విస్తరించి వ్రాయుదుము.

లారీ చట్రము, అనగా మేస్త్రీలు చాసీ యనునది, నేలమీద పడవేసిన నిచ్చెన వంటిది. రెండు పొడుగు దూలములు, వానిమధ్య కొన్ని అడ్డదూలములు. ఇంజను, గేరుబాక్సు, కమానులు, పైని బాడీ, బరువు, అన్నియు దానిమీదనే ఆధారపడియుండును. మన ఎడ్లబండికి నొగలెట్టివో లారీకి ఈ దూలములట్టివి. దూలము దిమ్మగా నుండదు. ఉక్కురేకును మూడు వైపులు మడిచి, నడుమ నిలువు పలకయు, పైన నొక అంచు, క్రింద నొక అంచును ఉండునట్లు చేయుదురు. మేస్త్రీలు దీనిని చానెలు అందురు.

మేము చదివిన మిషను బడిలో వడ్రంగము నేర్పెడి అయ్యవారొకరు ఈ విషయమును ఒక పలకతో చూపించెడివారు. నాలుగంగుళముల వెడల్పు, ఒక అంగుళము మందముగల పలకను రెండు ఇటుకలమీద అడ్డముగా పఱచి, ఒక పిల్లవానిని దానిమీద నిలువబెట్టెడివారు. పలక క్రుంగెడిది. అదే పలకను నిలువుగా, అంచుమీద నిలిపి, మరల వానినే నిలువబెట్టినచో కదలికయే కనబడెడిది గాదు. పలక అదే, మనిషి అదే. నిలువుగా పెట్టినప్పుడు దాని బలము నాలుగు రెట్లు. వంపు పదునాఱవ వంతు మాత్రమే. బరువు పడినప్పుడు పైయంచు నొక్కుకొనిపోవును, క్రిందియంచు సాగును, నడిమిభాగమునకు శ్రమ తక్కువ. కావుననే చానెలుకు అంచులు ప్రాణము వంటివి. నడిమి పలకలో రంధ్రములు పెట్టుదురు గాని, అంచులలో రంధ్రము వేయరాదనియు, అంచులకు అడ్డముగా వెల్డింగు చేయరాదనియు లారీ తయారుచేయువారు బాడీ కట్టువారిని హెచ్చరించుచుందురు. మేము 2009లో చేయించిన పలక క్రిందియంచునకు అడ్డముగా వెల్డింగు చేయబడినది.

మఱియొక సంగతి. చట్రమును ఎంత బిగిస్తే అంత మంచిదని మనలో చాలమంది భావింతురు. ఇది పొరపాటు. గతుకుల బాటలో ఒక చక్రము గోతిలో దిగి, దాని యెదుటి మూలనున్న చక్రము గట్టెక్కినప్పుడు చట్రము మెలితిరిగి, మరల యథాస్థితికి రావలెను. అందుకే ఆ కాలపు లారీల చట్రములు రివెట్లతో కూర్చబడినవి. అడ్డదూలములు చాలవఱకు నడిమి పలకలకే తగిలింపబడును. మెత్తని చట్రమున ఒకచోట మాత్రము మందపు పలక పెట్టి బిగించినచో, ఆ చోటు మెలితిరుగదు. ఆ మెలిక యంతయు పలక ముగిసిన గీతమీదికి వచ్చి పడును. చేపాటికఱ్ఱ కొంతభాగమునకు ఇనుప పొన్ను తొడిగినచో కఱ్ఱ ఎక్కడ విఱుగునో రైతులకు మేము చెప్పనవసరము లేదు. బలము కూర్చవలసివచ్చినచో, కూర్చిన ముక్క చివరలు ఏటవాలుగా సన్నగిల్లవలెను. అది ఒక్కసారిగా తెగవేసినట్లు ముగియరాదు.

ఇక ఆ వేసవిలో జరిగిన పని. మేము సంఘమువారిని కోరినది ఒక్కటే: చట్రము ఉంచుట, మార్చుట అను మాట ప్రక్కకు పెట్టి, మొదట లారీని ఎముకలవఱకు విప్పుడని. విజయవాడ ఆటోనగరులో ముప్పదియేండ్లు లారీల పని చేసి స్వగ్రామమునకు తిరిగివచ్చిన మేస్త్రీ యొకరు ప్రక్క యూరిలో నుండిరి. ఆయన ఇద్దఱు కుఱ్ఱవాండ్రతో వచ్చి పది దినములలో బాడీ, డ్రైవరు గది, ఇంజను, గేరుబాక్సు, కమానులు దింపి వేసెను. విప్పకముందు ప్రతి భాగమునకును ఫొటోలు తీయించితిమి. బోల్టులను ఏ చోటివి ఆ చోట గుడ్డసంచులలో కట్టించి, సంచులమీద గుర్తులు వ్రాయించితిమి. ఈ పని చిన్నదిగా తోచును. మరల బిగించునప్పుడు దీని విలువ తెలియును.

విప్పగానే మాకు ఆశ్చర్యము గొల్పినది తుప్పు ఉన్న తీరు. ముందుభాగము, ఇంజను క్రింద, కొత్తదానివలె నున్నది. యాభైయేండ్లు కారిన నూనెయు ధూళియు గట్టిగా పట్టి దానిని కాపాడినవి. (శుభ్రతను బోధించు మాబోటివారికి ఇది కొంచెము సిగ్గు కలిగించు సంగతి.) వెనుకభాగము మాత్రము అట్లు కాదు. బాడీకిని చట్రమునకును మధ్య పఱచిన కొయ్యదూలములు నీరు పీల్చుకొని ఇనుమును ఎల్లప్పుడు తడిగా నుంచినవి. దానికి తోడు ఆ లారీ యెరువులు మోసినది. పొటాషు ఎరువులోని క్లోరైడు ఉప్పు, అమ్మోనియం సల్ఫేటు, ఇవి చిఱిగిన బస్తాలనుండి రాలి, చానెలు మడతలో పేరుకొని, గాలిలోని తేమను లాగికొని ఇనుమును తినును. ఇది నేడు ట్రక్కులలో ఎరువులు తోలువారందఱును మనసున నుంచుకొనవలసినది. ఎరువు దింపిన సాయంత్రమే చట్రమును మడతలతో సహా మంచినీటితో కడిగి ఆరబెట్టినచో ఈ తెగులు రాదు. దానిపై వేపాకులు రాలి కుళ్లినవి. లారీని చెట్టునీడన పెట్టితిమని సంఘమువారు సంతోషించుచుండిరి గాని, ఆ నీడయే దానికి తేమ.

తరువాత చట్రమును నాలుగు సమమైన దిమ్మలమీద గోదాము సిమెంటు నేలపై నిలిపి, తీగకుంచెలతోను, చిన్న ఉలులతోను తుప్పు రాల్చితిమి. గ్యాసు మంటతో రంగు కాల్చివేసెదమని కుఱ్ఱవాండ్రు అనిరి. మేస్త్రీ వలదనెను. వేడికి ఉక్కు గుణము మాఱవచ్చును, దూలము వంకర తిరుగవచ్చును.

కొలుచుటకు ఖరీదైన సాధనములేవియు వాడలేదు. తాపీవాని గుండుదారము, రసమట్టము, నూలుదారము, ఉక్కు టేపు, ఇవియే. కుడి యెడమలలో ఒకదానికొకటి సరిపడు రంధ్రములను జతలుగా ఎన్నుకొని, ఒక్కొక్కదానినుండి గుండుదారము దింపి, నేలమీద సుద్దతో గుర్తుపెట్టితిమి. అటుపిమ్మట మూలనుండి ఎదుటి మూలకు కొలిచితిమి. రెండు కొలతలును సమానమైనచో చట్రము చదరముగా నున్నదనుట. ఒకటి యెక్కువైనచో ఎప్పుడో దెబ్బతిని ఒక దూలము ముందునకు జరిగినదనుట. మనదానికి పూర్తి పొడవునకు 4 మిల్లీమీటర్ల తేడా వచ్చినది. అది లెక్కింపదగినది కాదని మేస్త్రీ చెప్పెను. రసమట్టముతో అడ్డదూలములు ఒక్కొక్కటియే చూడగా మెలిక కనబడలేదు. దూలమున క్రుంగుడు నిర్ణయించునప్పుడు దారముతో తిన్నదనము మాత్రము చూడక, కుడిదానిని ఎడమదానితో పోల్చి చూడవలెను. కొన్ని చట్రములు తయారైనప్పుడే వంపుతో తయారగును.

తరువాత చిన్న సుత్తి. రివెట్టు తలమీద వ్రేలుంచి రెండవ ప్రక్క కొట్టినచో, వదులైన రివెట్టు వ్రేలికి తెలియును. గట్టి రివెట్టు కణకణ మ్రోగును, వదులైనది పగిలిన కుండవలె పలుకును. అట్టివి తొమ్మిది దొరకినవి.

అన్నిటికన్న ముఖ్యమైనది బీటల పరీక్ష. దీనికి మట్టినూనెయు సుద్దయు చాలును. అనుమానమున్నచోట ఇనుమును మెఱయునట్లు రుద్ది, మట్టినూనె పూసి, అరగంట ఆగి, పొడిగుడ్డతో బాగుగ తుడువవలెను. పైన సుద్దపొడి సన్నగా చల్లి, దగ్గఱలో సుత్తితో నాలుగు దెబ్బలు మెల్లగా కొట్టినచో, బీటలో దాగిన మట్టినూనె పైకి ఊరి సుద్దమీద సన్నని తడిగీతగా కనబడును. ఆ పరిసరమున బీడీ కాల్చువారిని ఉంచరాదు. కమానులు తగులు చోట్లు, అడ్డదూలములు కలియు చోట్లు, పాత వెల్డింగులు, ఈ మూడు విధములైన స్థలములను తప్పక చూడవలెను.

ఎడమదూలమున, వెనుక కమాను ముందుకొన తగులుచోట, క్రిందియంచునకు ఒక పాత పలక అడ్డముగా వెల్డింగు చేయబడియున్నది. ఎవరు, ఎప్పుడు వేసిరో సంఘపు చిట్టాలలో లేదు. దానిని చూడగానే మాకు 2009 సంవత్సరము జ్ఞప్తికి వచ్చినది. పలకను కోసి తీయించి, సుద్దపరీక్ష చేయగా, అంచునుండి నడిమి పలకలోనికి రెండంగుళముల మేర గీత తేలినది. దానిని చూచిన తరువాత యువకులు కొంతసేపు ఏమియు మాటలాడలేదు. ఇంజను మాత్రము బాగుచేయించి, రంగు వేయించి, బస్తాలెక్కించి బాటకెక్కించియున్నచో ఏమి జరిగియుండునో అందఱకును తెలిసినది.

వెనుక చక్రములు దాటిన తోకభాగమున తుప్పు మందమును తినివేసినది. తుప్పులేని చోట దూలము మందమును కొలిచి, దానితో పోల్చగా, తోకలో మూడవవంతుకు పైగా పోయినది. ముందుభాగమున చట్రపు సంఖ్య చెక్కబడిన చోటు మాత్రము చెక్కుచెదరలేదు.

ఈ సంఖ్యను గూర్చి కొంత చెప్పవలెను. రిజిస్ట్రేషను పత్రమున ఇంజను సంఖ్యయు, చట్రపు సంఖ్యయు వ్రాయబడియుండును. బండికి ఇరుసు మార్చినను, చక్రములు మార్చినను, కాడి మార్చినను అది మన బండియే యందుము. అన్నియు మార్చిన తరువాత అది ఏ బండి యనునది పండితులు తర్కించుకొనవచ్చును. ప్రభుత్వమువారికి ఆ చిక్కు లేదు. సంఖ్య యే యుక్కుమీద నున్నదో అదియే బండి. చట్రము మార్చినచో, ముక్కు పాతదైనను, నక్షత్రము పాతదైనను, అది వేఱు లారీ యగును. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను ప్రకారము, పత్రమునందలి వివరములకు భిన్నముగా వాహనమును మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీముకోర్టు కూడ ఈ సెక్షనును గట్టిగానే నిలబెట్టినది. పాత సంఖ్యగల ముక్కను కోసి కొత్త చట్రమునకు అతికించుట కొందఱు చేయు పని. అది నేరము. సహకార సంఘము పేర అట్టి పని జరుగరాదు. తూకపు అంగళ్లలో కొన్న చట్రమునకు సరియైన పత్రములు లేనిచో అది దొంగసొత్తు కావచ్చునను భయము కూడ నున్నది.

పాత వాహనములకు ప్రత్యేక రిజిస్ట్రేషను ఉన్నదని కొందఱు సభ్యులు చెప్పిరి. ఉన్నమాట నిజమే. 2021 జులైలో కేంద్ర ప్రభుత్వము ఆ నియమములను ప్రకటించినది. మొదటి రిజిస్ట్రేషనునుండి 50 ఏండ్లు దాటియుండవలెను. చట్రముగాని, బాడీగాని, ఇంజనుగాని మార్చబడక అసలు రూపమున నుండవలెను. అట్టి వాహనమును బాటలమీద నిత్యము త్రిప్పుటకుగాని, వ్యాపారమునకుగాని వీలులేదు. కాని ఆ నియమములు సొంత వాడుకలోని వాహనములకు ఉద్దేశింపబడినవి. సరకుల బండిగా నమోదైన లారీ అందులో నిముడునని మేము చెప్పజాలము. సంఘమువారు రవాణా కార్యాలయమున వ్రాతమూలముగా అడుగవలెనని చెప్పితిమి.

'పైకి తాత, లోపల మనుమడు' అను మార్గమున చట్టము ఒక్కటియే చిక్కు గాదు. వేఱు చట్రమున ఇంజను దిమ్మలు, స్టీరింగు పెట్టె, కమాను బ్రాకెట్లు, చక్రముల నడిమి దూరము, ఏదియు పాత ముక్కునకు సరిపడదు. సరిపుచ్చుటకై కోయుట, అతుకుట, రంధ్రములు వేయుట మొదలగును. అట్లు చేసిన బండి పాతదియు గాదు, కొత్తదియు గాదు. దాని బ్రేకులకును, స్టీరింగునకును పూచీ యెవరు? అదే జాతి లారీ చట్రము, పత్రములతో, దెబ్బతినక దొరకినచో ఆ మాట వేఱు. అట్టిది యొకటి ఉన్నదని విని మేస్త్రీ వెళ్లి చూచివచ్చెను. దానిని ఎవరో పొడవు పెంచి, నడుమ అతుకు వేసియుండిరి. వలదని వచ్చివేసెను.

రెండవ సమావేశమున మేము చెప్పిన మాట యిది: "ఈ చట్రము చదరముగా నున్నది, మెలిక లేదు, సంఖ్య చెడలేదు. దీనిని బాగుచేసి ఉంచవచ్చును. కాని దీనిమీద మరల టన్నులకొలది బరువు ఎక్కింపరాదు. బీట వచ్చినచోటు మిక్కిలి శ్రమపడు చోటు. బరువు మోయవలెననినచో ఎడమదూలమును మొత్తము మార్చవలెను, తోకలు రెండును మార్చవలెను, అనుమతులు తెచ్చుకొనవలెను. అప్పుడు మిగులు పాతయినుము కొద్ది. కాబట్టి పాత చట్రము కావలెనా, బరువు మోయు బండి కావలెనా, మీరు ముందు నిర్ణయించుకొనుడు. రెండును ఒక్కదానిలో దొరకవు."

కూరగాయల రైతు లేచి, "అయితే మా బాడుగ మాట ఏమి?" అని అడిగెను. ఆ ప్రశ్న న్యాయమైనది. దానికి పాత లారీ జవాబు కాజాలదు. అతడు కోపముతో కూర్చుండెను. అతని కోపమును మేము తప్పుపట్టలేదు. ముసలివారి జ్ఞాపకములకు సొమ్మున్నది గాని, పడుచువారి పంటకు బండి లేదా యని అతడు అనినప్పుడు మాకును సరియైన సమాధానము తోచలేదు. చివరకు పెద్దమ్మగారే లేచి, "ఆ రోజు మా అత్త మురుగులిచ్చినది బండిని చూచుకొనుటకు గాదు నాయనా, వడ్లు తోలుటకే. లారీకి ఎంత ఖర్చగునో, అంతకు తక్కువ గాకుండ పిల్లల బండికి కూడ నిధి తీయుడు. లేనిచో నా వోటు లేదు" అనినది. తీర్మానము ఆ ప్రకారమే వ్రాయబడినది. లారీ పనికి చందా ఇచ్చు ప్రతి సభ్యుడును ఇచ్చినదానిలో సగము చిన్న సరకుబండి నిధికి చేరును. ఆ నిధి పుస్తకము కూరగాయల రైతు వద్దనే యున్నది.

బాగుచేసిన విధము క్లుప్తముగా: బీట కొనను సుత్తిపరీక్షతోను, సుద్దతోను నిశ్చయించి, అక్కడ చిన్న రంధ్రము వేసి బీట ముందునకు సాగకుండ ఆపిరి. బీటను రెండువైపులనుండి గాడిగా రుద్ది, తేమలేకుండ కాచిన తక్కువ హైడ్రోజను రాడ్లతో లోతువఱకు నింపి, పైన మట్టముగా రుద్దిరి. లోపలివైపున చివరలు ఏటవాలుగా కోసిన బలపుముక్కను నడిమి పలకకు మాత్రమే బోల్టులతో బిగించిరి. అంచులను ముట్టలేదు. తోకలను వెనుక కమాను బ్రాకెట్లకు వెనుకగా, బరువు శ్రమ తక్కువగా నుండు చోట, ఏటవాలుగా కోసి, అదే కొలత చానెలు అతికి, లోపల అట్టి బలపుముక్కయే వేసిరి. వదులైన రివెట్లు తీసి, రంధ్రములను సరిచేసి, వానికి బిగుతుగా పట్టు గట్టి బోల్టులు వేసిరి. వెల్డింగు చేసినవాడు జిల్లా కేంద్రమున పనిచేయు అనుభవశాలి. అతని పనికి మేస్త్రీ మరల మట్టినూనె పరీక్ష చేసెను. అతడు కొంచెము నొచ్చుకొనెను గాని, పరీక్షలో గీత రాలేదు.

ఏయే ముక్క ఎప్పుడు మార్చబడెనో, ఎక్కడ అతుకున్నదో, లారీ యెంత బరువునకు మించి మోయరాదో ఒక కాగితమున వ్రాసి, సభ్యుల సంతకములతో సంఘపు ఇనుపపెట్టెలో నుంచితిమి. ఆ పాత పలకను వేసినవారు ఇట్టి కాగితము ఒకటి వ్రాసిపెట్టియున్నచో మాకు ఎంత శ్రమ తప్పియుండునో! కోసి తీసిన పలకను కూడ పారవేయలేదు. అది గోదాము గోడకు వ్రేలాడుచున్నది. క్రింద యువకులలో నెవరో సుద్దతో, "దీనిని నమ్మితిమి" అని వ్రాసిరి.

ప్రస్తుతము చట్రమునకు తుప్పు నాపు పూతయు, దానిమీద నల్లరంగును పూయబడినవి. ఇంజను తిరుగుచున్నది. ఆ జాతి యింజను భాగములు పాత సామానుల అంగళ్లలో వెదకి తెచ్చుచున్నారు. ఈమాఱు కొయ్యదూలములకును చట్రమునకును మధ్య నీరు నిలువకుండ సందులు విడిచి బాడీ కట్టవలెనని వడ్రంగికి చెప్పియున్నాము. లారీకి రేకుల కొట్టమొకటి వేపచెట్టునకు దూరముగా వేయుచున్నారు. రవాణా కార్యాలయమునుండి జవాబు ఇంకను రాలేదు. వచ్చువఱకు అది సంఘపు ఆవరణ దాటి కదలదు.

ముందరి జాలిమీది నక్షత్రము మాత్రము దొరకలేదు. లారీ మూలపడిన క్రొత్తలో ఎవరో పిల్లలు ఊడదీసిరని చెప్పుకొందురు. ఆ పిల్లలు ఇప్పుడు ఏబదియేండ్లకు దగ్గఱ పడియుందురు. ఎవరి యటుకమీదనైన ఆ నక్షత్రమున్నచో సంఘ కార్యాలయమున ఇచ్చి వెళ్లవలెనని కోరుచున్నాము. ఎవరు తీసిరని ఎవరును అడుగరు. లారీ పనిచేయుచుండిన నాటి ఫొటోలున్నవారు తెచ్చి చూపినచో, నకలు తీసికొని అప్పుడే తిరిగి యిచ్చెదరు. బాడీ ప్రక్కపలకలకు మొదట ఏ రంగు వేసియుండిరో పెద్దలలో ఇద్దఱకు రెండు విధములుగా జ్ఞాపకమున్నది. వడ్రంగి పని ముగియులోపల ఆ సంగతి తేలవలసియున్నది.